పదహారో ఏట పరీక్ష

పాఠ్యభాగ ఉద్దేశం

కౌమారంలో ఉన్న బిడ్డకు క్యాన్సర్ వచ్చినప్పుడు తల్లిదండ్రులు నిర్వహించవలసిన బాధ్యత ఎటువంటిదో, ఆ బాధ్యతలో సత్యం, ఓర్పు, క్రమశిక్షణ ఎంత ముఖ్యమో తెలపడం. అదే ఈడు విద్యార్థులలో సహానుభూతిని పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

మానవ జీవితంలో కౌమారం ఒక సంధికాలం. బాల్యం పూర్తిగా వీడిపోదు, యౌవనం పూర్తిగా చేరుకోదు. పదహారేళ్లు వచ్చిన బిడ్డను మిత్రునివలె చూడాలని పెద్దలు చెప్పిన మాటలో గొప్ప లోకానుభవం ఉంది. ఆజ్ఞాపించే కాలం ముగిసి ఆలోచన చెప్పే కాలం మొదలైందని దాని భావం. సరిగ్గా ఈ వయసులోనే క్యాన్సర్ ఇంట అడుగుపెడితే ఈ క్రమమంతా తలకిందులవుతుంది. నిన్నటిదాకా సైకిలు మీద ఒంటరిగా కళాశాలకు వెళ్లి వచ్చిన కుమారునికి తల్లి మళ్లీ అన్నం కలిపి తినిపించవలసి వస్తుంది. తన గది, తన స్నేహితులు, తన లోకం అనుకునే కుమార్తె స్నానానికి సైతం తోడు కోరవలసి వస్తుంది. బిడ్డను మళ్లీ పసిబిడ్డగా మార్చకుండానే పసిబిడ్డకు చేసినంత సేవ చేయాలి. తల్లిదండ్రులకు ఎదురయ్యే మొదటి పరీక్ష ఇదే.

ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుండి వచ్చి చేరిన ప్రాంతం మార్కాపురం, గిద్దలూరు, కంభం. పడమట నల్లమల అడవులు, అందులో పుట్టి ప్రవహించే గుండ్లకమ్మ, కంభం చెరువు, మార్కాపురం పలకలు ఈ సీమకు గుర్తులు. తెలుగునాట ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దింది ఇక్కడి పలకల మీదనే. అయితే ఇది వానమీద ఆధారపడిన మెట్ట ప్రాంతం. కరవు వచ్చిన ఏడాది పనికోసం వలసపోయే కుటుంబాలు అనేకం. ఇటువంటి చోట బిడ్డకు క్యాన్సర్ అని తెలిసిననాడు వైద్యంతోపాటు ప్రయాణమూ మొదలవుతుంది. కొందరు గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్లలో రైలెక్కి గుంటూరు చేరుతారు. కొందరు శ్రీశైలం అడవి దారిన హైదరాబాదు వెళతారు. అక్కడ 1955లో నెలకొన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థ, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి ఉన్నాయి. మరికొందరు మద్రాసు అడయారులో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి కృషితో 1954లో వెలసిన క్యాన్సర్ సంస్థకు పోతారు.

కౌమార వయస్కులలో కనిపించే క్యాన్సర్లలో రక్తక్యాన్సర్, లింఫ్ గ్రంథుల క్యాన్సర్, ఎముక క్యాన్సర్ ముఖ్యమైనవి. విడవని జ్వరం, ముఖం పాలిపోవడం, దెబ్బ తగలకుండానే ఒంటిమీద నల్లని మచ్చలు, చిగుళ్ల నుండి రక్తం కారడం రక్తక్యాన్సర్ లక్షణాలు కావచ్చు. ఎముక క్యాన్సర్ ఎక్కువగా మోకాలి పరిసరాలలో, బిడ్డ వేగంగా ఎత్తు పెరిగే వయసులో వస్తుంది. అందువల్ల దానిని ఎదుగుదల నొప్పి అనో, కబడ్డీలో తగిలిన దెబ్బ అనో పొరబడటం సహజం. వాపు తగ్గక, నొప్పి రాత్రివేళ నిద్రలేపుతున్నా నాటుకట్లతో, మర్దనలతో వారాలు గడిపితే విలువైన కాలం చేజారుతుంది. ఈ వ్యాధి అంటుకునేది కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద కూర్చున్నా రాదు. ఇది తల్లి చేసిన తప్పూ కాదు, బిడ్డ చేసిన పాపమూ కాదు. ఎవరి కర్మను నిందించినా బిడ్డకు ఒరిగేది లేదు.

ఈ వ్యాధికి మందు కనుగొన్న కథలో ఒక తెలుగువాని పేరు చిరస్థాయిగా నిలిచింది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, అమెరికా చేరారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన పర్యవేక్షణలో రూపొందిన అమినోప్టెరిన్ అనే ఔషధాన్ని బోస్టన్ నగర వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశాడు. పదహారుగురు పిల్లలలో పదిమందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఉపశమనం కొద్ది నెలలదే అయినా, అప్పటివరకు చేతులు ముడుచుకుని కూర్చున్న వైద్యలోకానికి అది తొలి ఆశాకిరణం. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అదే ప్రయోగశాల నుండి వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ రక్తక్యాన్సర్ చికిత్సలో వాడుకలో ఉంది. దానికి తోడుగా వాడే మెర్కాప్టోప్యూరిన్‌ను రూపొందించినవారిలో గెర్ట్రూడ్ ఎలియన్ ఒకరు. పదిహేనేళ్ల వయసులో తాతగారు క్యాన్సర్‌తో మరణించడం చూసి ఆమె విజ్ఞానశాస్త్రం వైపు మళ్లింది. 1988లో నోబెల్ బహుమతి అందుకుంది. గిద్దలూరులో ఒక తల్లి కుమారుని అరచేతిలో పెట్టే రెండు మాత్రల వెనుక ఇంతటి చరిత్ర ఉంది.

ఒక్క మందుతో జయించలేని వ్యాధిని అనేక ఔషధాల కలయికతో జయించవచ్చునని తరువాతి దశాబ్దాలలో రుజువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది బాలబాలికలు, కౌమార వయస్కులు క్యాన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాలలో వీరిలో 80 శాతానికి పైగా స్వస్థులవుతుండగా, అనేక పేద, మధ్యాదాయ దేశాలలో 30 శాతం కూడా బతకడం లేదు. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం పిల్లలను కాపాడాలని ఆ సంస్థ 2018లో లక్ష్యం నిర్దేశించుకుంది. ఈ అంతరానికి వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం, మందులు అందకపోవడం కారణాలు. చికిత్సను నడుమ విడిచిపెట్టడం మరొక కారణం. తల్లిదండ్రుల చేతిలో ఎక్కువగా ఉన్నది ఈ చివరిదే.

రక్తక్యాన్సర్‌లో అధికంగా కనిపించే ఒక రకానికి చికిత్స రెండు నుండి మూడు సంవత్సరాలు సాగుతుంది. తొలి నెల మందులతోనే రక్తపరీక్షలో వ్యాధి జాడ కనిపించకపోవచ్చు. బిడ్డ మళ్లీ నవ్వుతాడు, ఆకలంటాడు, వీధిలోకి పరుగెత్తుతాడు. అప్పటికి ఇంట్లో అప్పులు పెరిగి ఉంటాయి. పలకల కార్ఖానాలో తండ్రి పని పోయి ఉండవచ్చు. ‘తగ్గిందిగదా, ఇంకెందుకు’ అనే మాట బంధువుల నోట వినిపిస్తుంది. అన్నిటికంటె ప్రమాదకరమైన ఘడియ అదే. మెట్టసేద్యం తెలిసినవారికి తుంగ సంగతి తెలుసు. పైన గడ్డి కోసివేస్తే చేను శుభ్రంగా కనిపిస్తుంది. నేలలో గడ్డలు మిగిలి ఉంటాయి. ఒక్క వాన పడగానే మళ్లీ చేనంతా అల్లుకుంటుంది. సూక్ష్మదర్శినికి కనిపించని వ్యాధికణాలు సైతం అలాగే కోట్ల సంఖ్యలో మిగిలి ఉంటాయి. వాటిని నిర్మూలించడానికే మిగిలిన రెండేళ్ల చికిత్స. తిరగబెట్టిన వ్యాధి మొదటిదానికంటె మొండిది. కనుక బిడ్డ బాగున్నప్పుడు కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లగలగడమే అసలైన ధైర్యం.

ఇంటివద్ద తల్లిదండ్రులు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. క్యాన్సర్ మందులు వ్యాధికణాలతోపాటు శరీరాన్ని కాపాడే తెల్లకణాలను సైతం తగ్గిస్తాయి. ఆ స్థితిలో జ్వరం వస్తే గంటలలో ప్రాణం మీదికి రావచ్చు. ఉష్ణోగ్రత 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే తెల్లవారేదాకా ఆగరాదు. జ్వరపు మాత్ర వేసి కప్పిపుచ్చరాదు. శ్రీశైలం అడవి దారిలో రాత్రివేళ వాహనాలను అనుమతించరు. కనుక జ్వరం వస్తే మొదట ఏ ఆసుపత్రికి వెళ్లాలో, ఎవరికి ఫోను చేయాలో చికిత్స చేసే వైద్యుని ముందే అడిగి, కాగితం మీద రాయించుకొని దగ్గర ఉంచుకోవాలి. ప్లేట్‌లెట్లు తగ్గిన బిడ్డకు ఊరిలో సూదిమందు వేయించడం, తోచిన నొప్పి మాత్ర ఇవ్వడం రక్తస్రావానికి దారితీయవచ్చు. పసరుమందులు సైతం వైద్యునికి చెప్పకుండా వాడరాదు. పథ్యం పేరిట గుడ్డు, పప్పు, పాలు మాన్పిస్తే బిడ్డ మరింత నీరసిస్తాడు. కాచి చల్లార్చిన నీరు, వేడివేడిగా వండిన శుభ్రమైన ఆహారం మేలు.

మందుల విషయంలో ఒక హెచ్చరిక ప్రత్యేకంగా చెప్పదగినది. చికిత్స చివరి దశలో మెర్కాప్టోప్యూరిన్ ప్రతిదినం, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మింగవలసి ఉంటుంది. వారానికొకసారి మింగవలసినదాన్ని పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం కలుగుతుంది. చదువురాని తల్లి అయినా గోడకు ఒక మార్కాపురం పలక వేలాడదీసి, వారానికొకసారి మాత్ర వేయవలసిన రోజున సున్న చుట్టించుకోవచ్చు. వేసిన వెంటనే దాన్ని కొట్టివేయవచ్చు. ఆ సున్న చుట్టే పని బిడ్డకే అప్పగిస్తే ఇంకా మేలు. తన వైద్యంలో తానూ భాగస్వామినని అతడు గ్రహిస్తాడు. రోగి అనే మాటకు తోడు బాధ్యుడు అనే మాట కూడా చేరుతుంది.

వ్యాధి పేరు బిడ్డకు చెప్పాలా, వద్దా అన్నది తల్లిదండ్రులను కలవరపెట్టే ప్రశ్న. చెబితే గుండె చెదురుతుందని భయపడి ‘రక్తం తక్కువైంది, అంతే’ అని మరుగుపరుస్తారు. కాని పదహారేళ్ల బిడ్డకు ఆసుపత్రి గోడమీద అక్షరాలు చదవడం వచ్చు. అందరూ తనను చూడగానే మాట మార్చడం తెలుస్తుంది. దాచిన సత్యం భయమై పెరుగుతుంది. మార్కండేయుని పురాణగాథ ఇక్కడ స్మరణీయం. కుమారుని ఆయువు పదహారేళ్లేనని ఎరిగిన మృకండుడు, మరుద్వతి గడువు సమీపించేకొద్దీ లోలోపల కుమిలిపోయారు. కుమారుడు కారణమడిగినప్పుడు నిజం చెప్పారు. నిజం విన్న బాలుడు కుప్పకూలలేదు, చేయవలసినదేమిటో నిశ్చయించుకున్నాడు. సత్యం తెలిసినవాడే ప్రయత్నం చేయగలడన్నది ఈ గాథ సారాంశం. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించగా, 1992లో భారతదేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక సైతం తమకు సంబంధించిన విషయాలలో పిల్లల అభిప్రాయం వినాలని చెబుతున్నది.

సత్యం చెప్పడమంటే సర్వం ఒక్కసారి కుమ్మరించడం కాదు. గిద్దలూరు ప్రాంతంలో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. రైలు కిటికీ పక్కన కూర్చున్న కుమారుడు “నాయనా, నాకు వచ్చింది క్యాన్సరేనా?” అని అడుగుతాడు. “అవును, అబ్బీ. మందు ఉన్న జబ్బే. చానా రోజులు పడుతుంది. జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది. నీకు తెలియకుండా ఏదీ చేయించను” అని తండ్రి బదులు చెబుతాడు. “నేను చచ్చిపోతానా?” అన్నది తరువాతి ప్రశ్న. “పోనియ్యకూడదనే ఇంత దూరం పోతుండాం. నీకు భయమేస్తే నాతో చెప్పు. నాకూ భయమేస్తాది” అంటాడు తండ్రి. ఈ మాటల్లో అబద్ధం లేదు, అతిశయోక్తి లేదు. నెరవేర్చలేని వాగ్దానమూ లేదు. తాను ఒంటరిని కానన్న నమ్మకం మాత్రం బిడ్డకు కలుగుతుంది.

కౌమార వయస్కునికి ప్రాణం ఎంత ముఖ్యమో అభిమానమూ అంత ముఖ్యం. రాలిన జుట్టు పెద్దలకు చిన్న విషయం, పదిహేడేళ్ల ఆడపిల్లకు అద్దంలోని లోకమంతా మారిపోవడం. దానిని తేలిక చేయరాదు. పరీక్షల సమయంలో తెర వేయమని అడగడం, వైద్యునితో కొంతసేపు ఒంటరిగా మాట్లాడనివ్వడం, చుట్టాల పరామర్శకు వద్దంటే వద్దని మన్నించడం తల్లిదండ్రులు చేయగల పనులు. కొన్ని మందులు ముందుముందు సంతానశక్తిపై ప్రభావం చూపవచ్చు. దానికి తీసుకోదగిన జాగ్రత్తలను చికిత్స ప్రారంభానికి ముందే సిగ్గుపడకుండా వైద్యుని అడగాలి. బిడ్డ కోపం తల్లి మీదనే చూపడం సహజం. కొట్టినా తిట్టినా వదిలిపోని మనిషి ఆమె ఒక్కతేనని అతనికి తెలుసు. అయితే కోపాన్ని ఓర్చుకోవచ్చునే గాని మందు మానడాన్ని అంగీకరించరాదు. మాత్ర మజ్జిగతోనా, నీళ్లతోనా అన్నది వైద్యుని అనుమతి మేరకు బిడ్డ ఇష్టం. మింగడం మాత్రం నియమం.

కెనడా దేశానికి చెందిన టెర్రీ ఫాక్స్‌కు 1977లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఎముక క్యాన్సర్ వల్ల మోకాలిపై నుండి కాలు తీసివేశారు. క్యాన్సర్ పరిశోధనకు నిధులు సేకరించడానికి కృత్రిమపాదంతో 1980లో అతడు దేశం పొడవునా పరుగు ప్రారంభించాడు. తల్లి బెట్టీ ఫాక్స్ మొదట అంగీకరించలేదు. కాని కుమారుని నిశ్చయం ముందు తన భయాన్ని పక్కన పెట్టింది. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తిన తరువాత వ్యాధి ఊపిరితిత్తులకు పాకడంతో అతడు ఆగిపోయాడు. 1981లో మరణించాడు. 2011లో మరణించేవరకు ఆ తల్లి కుమారుని ఆశయాన్ని మోసింది. నేడు అనేక ఎముక క్యాన్సర్లకు కాలు తీసివేయకుండానే శస్త్రచికిత్స చేయగలుగుతున్నారు.

ఈ పోరాటంలో వెనుకబడిపోయేది ఇంటివద్ద మిగిలిన బిడ్డ. అవ్వ దగ్గర వదిలిన చెల్లెలు అమ్మకోసం ఎదురుచూస్తుంది. అన్నతో తగువులాడినందుకే ఇలా అయిందేమోనని లోలోపల కుమిలిపోవచ్చు. రోజుకొక్కసారి ఫోనులో ఆమె బడి కబుర్లు అడగడం తల్లికి పెద్ద పనిగాదు, చెల్లెలికి పెద్ద దిక్కు. ధన విషయంలో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాలకు క్యాన్సర్ చికిత్సను చేరువ చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దానికి డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ అనే పేరు వచ్చింది. క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లే ఒకరికి రైలు ఛార్జీలో రాయితీ ఉంది. దానికి ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం అవసరం. పోయిన కూలిని, బయట తిండి ఖర్చును మాత్రం కుటుంబమే భరించాలి. ఆ భారాన్ని బంధుమిత్రులు పంచుకొంటే చికిత్స ఆగదు. పరామర్శకు పండ్లతో వచ్చేవారికంటె, పొలానికి నీళ్లు కట్టి వచ్చేవారు ఆప్తులు.

చదువు ఆగిపోవడం కౌమార వయస్కునికి వ్యాధితో సమానమైన దుఃఖం. తోటివారు రెండో సంవత్సరంలో కూర్చుంటే తాను ఆసుపత్రి మంచం మీద పడుకోవడం అతనికి ఓటమిగా తోస్తుంది. ఒక సంవత్సరం వెనుకబడటం జీవితంలో వెనుకబడటం కాదని తల్లిదండ్రులు, అధ్యాపకులు నచ్చజెప్పాలి. సహాధ్యాయులు చేయవలసినదీ ఉంది. నోట్సు రాసి పంపడం, జలుబు జ్వరం ఉన్నప్పుడు దూరంగా ఉండి ఫోనులో పలకరించడం, తిరిగివచ్చిననాడు వింతగా చూడకుండా ఎప్పటి బెంచీ మీద ఎప్పటి చోటు ఇవ్వడం. ‘పాపం’ అనే మాటకంటె ‘మ్యాచు స్కోరెంత’ అనే ప్రశ్న అతనికి ఎక్కువ బలమిస్తుంది.

అన్ని చికిత్సలు ఫలించవు. వ్యాధి నయం కాదని వైద్యులు చెప్పిననాడు తల్లిదండ్రుల బాధ్యత ముగియదు, రూపం మార్చుకుంటుంది. నొప్పిని తగ్గించే ఉపశమన వైద్యం ఒక ప్రత్యేక శాఖగా వృద్ధి చెందింది. నొప్పి లేకుండా నిద్రించడం ఆ బిడ్డ హక్కు. ఎక్కడ ఉండాలనుకుంటున్నాడో, ఎవరిని చూడాలనుకుంటున్నాడో అడిగి నెరవేర్చడం ప్రేమకు పరాకాష్ఠ.

బిడ్డ స్వస్థుడైనా, కాకపోయినా తల్లిదండ్రులు చేసిన సేవ వృథా కాదు. మందు వ్యాధిని నయం చేస్తుంది. ఆ మందు వేళకు అందేలా చూసేది ఇల్లు. పలక మీద సున్న చుట్టిన ప్రతి వారం గడిచిపోయిన ఒక వారమే కాదు, బిడ్డ గెలుచుకున్న ఒక వారం.

కఠిన పదాలకు అర్థాలు

సంధికాలం : రెండు దశల నడిమి కాలం
కౌమారం : బాల్యానికి, యౌవనానికి మధ్య దశ
చిరస్థాయి : శాశ్వతం
స్వస్థుడు : ఆరోగ్యవంతుడు
సహాధ్యాయి : కలిసి చదువుకొనే వ్యక్తి
పరాకాష్ఠ : చిట్టచివరి ఉన్నత స్థితి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. క్యాన్సర్ చికిత్సను నడుమ విడిచిపెట్టరాదని రచయిత చూపిన కారణాలను వివరించండి.
2. బిడ్డకు వ్యాధిని గూర్చిన సత్యం చెప్పవలసిన ఆవశ్యకతను మార్కండేయుని గాథ ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. యల్లాప్రగడ సుబ్బారావు కృషిని తెలపండి.
2. చికిత్సలో ఉన్న బిడ్డకు జ్వరం వస్తే ఏమి చేయాలి?
3. తోబుట్టువుల పట్ల తల్లిదండ్రులు చూపవలసిన శ్రద్ధ ఎటువంటిది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. టెర్రీ ఫాక్స్ ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తాడు?
2. వారానికి ఒక్కసారి మాత్రమే వాడవలసిన ఔషధం ఏది?
3. మిగిలిపోయిన వ్యాధికణాలను రచయిత దేనితో పోల్చారు?